కాళ్ళు కడిగే పని

క్రైస్తవ పరిచర్యలో వినయం అనేది ఈనాటి ప్రసంగానికి నాకిచ్చిన అంశం. వినగానే ఇది ఆదివారం ప్రార్థనాలయంలో వినవలసిన విషయమని మీలో కొందరు అనుకొని ఉంటారు. మతబోధ చేయడం నా ఉద్దేశం కాదు. ఒక పనిని గురించి, ఆ పని నూరేళ్ళకు పైగా జరుగుతున్న ఒక ప్రాంతాన్ని గురించి చెప్పాలని నా ప్రయత్నం. ఆ ప్రాంతం బిలాస్‌పూర్ పరిసరాలు. ఆ పని ఇతరుల కాళ్ళు కడగడం.

ముందు మాట దగ్గర నుంచి మొదలుపెడదాం. పరిచర్య మనకు పాత మాటే. గురుకులంలో శిష్యుడు గురువుకు చేసేది పరిచర్య. మంచాన పడ్డ తల్లికి కూతురు చేసేదీ పరిచర్యే. దగ్గర నిలబడి, అవసరం కనిపెట్టి, చేతులతో చేసే పని అన్నమాట. తెలుగు బైబిలు అనువాదకులు గ్రీకులోని 'డియాకోనియా' అనే పదానికి ఈ మాటను ఎంచుకున్నారు. గ్రీకులో ఆ పదం భోజనాల దగ్గర వడ్డన చేసేవాడి పనిని చెప్పేది. ఎంపిక చాలా చక్కనిది. ఇంగ్లీషులో 'మినిస్టర్' అనే మాటకు కూడా మూలం లాటినులో నౌకరే. కాలం గడిచేకొద్దీ ఆ నౌకరు మంత్రిగారై కూర్చున్నాడు. మన దగ్గరా అంతే జరిగింది. సభల పోస్టర్ల మీద 'దైవసేవకులు' అని రాసి సేవకుడి ముఖం నిలువెత్తున వేస్తారు. సేవ పొందినవారి ముఖం ఎక్కడో మూలన కూడా కనబడదు. ఇది క్రైస్తవుల ఒక్కరి జబ్బని అనను. 'ప్రజాసేవకుడు' అనే మాట ఏ గతి పట్టిందో మీకు తెలుసు.

యోహాను సువార్త పదమూడో అధ్యాయంలో ఒక సన్నివేశం ఉంది. సిలువ మరణానికి ముందు రాత్రి. భోజనం జరుగుతూండగా యేసు లేచి, పైవస్త్రం తీసి పక్కన పెట్టి, ఒక తువ్వాలు నడుముకు చుట్టుకొని, పళ్ళెంలో నీళ్ళు పోసి శిష్యుల పాదాలు కడగడం మొదలుపెడతాడు. ఆ దేశంలో, ఆ కాలంలో ఇంటికి వచ్చినవారి దుమ్ముకాళ్ళు కడగడం బానిసల పని. బానిసల్లోనూ కింది వరుస వారి పని. అందుకే పేతురుకు ప్రాణం ఒప్పలేదు. తన కాళ్ళు గురువు ముట్టుకోవడానికి వీల్లేదని అడ్డుపడ్డాడు. పెద్దవాడు చిన్నపని చేస్తే చూసేవాడికి ఎంత ఇబ్బందిగా ఉంటుందో ఆ ఒక్క పేతురు చాలు చెప్పడానికి.

ఈ సన్నివేశాన్ని గుర్తు చేసుకుంటూ చాలా సంఘాల్లో ఈస్టరుకు ముందు గురువారం నాడు గురువులు కొందరి పాదాలు కడుగుతారు. మంచి ఆచారమే. అయితే ఆ రోజున కడిగించుకునేవారు ఇంటి దగ్గర ముందే కాళ్ళు శుభ్రంగా కడుక్కొని వస్తారని ఎవరైనా ఒప్పుకుంటారు. నీళ్ళ పళ్ళెం, తువ్వాలు నిజమైన పనిముట్లుగా రోజూ వాడే చోటు ఒకటుంది. అది కుష్ఠువ్యాధి ఆసుపత్రి. అక్కడికి వెళ్ళడానికి మనం బిలాస్‌పూర్‌లో రైలెక్కాలి.

బిలాస్‌పూర్ రైలు పెంచిన ఊరు. అర్పా నది ఒడ్డున పాత పట్టణం ముందే ఉన్నా, బెంగాల్ నాగపూర్ రైల్వే వచ్చాకనే దానికి ఈ రూపు వచ్చింది. నాగపూర్ నుంచి ఆసన్‌సోల్ దాకా ఆ మార్గం 1891లో తెరుచుకుంది. ఆ కంపెనీ లైన్లే మన తీరంలో విజయనగరం, వాల్తేరుల దాకా విస్తరించాయి. 1931లో పార్వతీపురం–రాయపూర్ మార్గం పూర్తయింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా, ఫైర్‌మన్లుగా వెళ్ళిన తెలుగువాళ్ళు ఖరగ్‌పూర్ నుంచి నాగపూర్ దాకా రైల్వే కాలనీల్లో స్థిరపడ్డారు. బిలాస్‌పూర్‌లో బుధవారీ బజారులో కూరలు బేరమాడే గొంతుల్లో ఉత్తరాంధ్ర యాస వినబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే ప్రధాన కేంద్రం.

ఈ స్టేషనుకు భారతీయ సాహిత్యంలో ఒక చోటుంది. రవీంద్రనాథ ఠాగూరు 1918లో వెలువరించిన 'పలాతక' సంపుటిలో 'ఫాంకి' అనే కథాకవిత ఉంది. ఆ మాటకు వంచన అని అర్థం చెప్పుకోవచ్చు. జబ్బుపడ్డ భార్యను గాలి మార్పు కోసం తీసుకువెళ్తూ ఒకాయన బిలాస్‌పూర్‌లో బండి మారడానికి గంటల తరబడి ఆగుతాడు. అక్కడ రుక్మిణి అనే కూలీ భార్య తన కూతురి పెళ్ళి కష్టం చెప్పుకుంటే, జబ్బు మనిషి మనసు కరిగి, ఆమెకు పాతిక రూపాయలు ఇమ్మని భర్తను అడుగుతుంది. ఆయన రుక్మిణిని పక్కకు తీసుకుపోయి, కసిరి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపేస్తాడు. భార్యతో మాత్రం ఇచ్చేశానంటాడు. రెండు నెలలకు ఆమె కన్నుమూస్తుంది. ఇచ్చారనే తృప్తితోనే పోయింది. ఆయన మళ్ళీ బిలాస్‌పూర్ వచ్చి రుక్మిణి కోసం వెతుకుతాడు. ఆమె ఎక్కడికి వెళ్ళిపోయిందో స్టేషనులో ఎవరికీ తెలియదు. బాకీ తీర్చే దారి మూసుకుపోయింది.

ఈ కథ ఇక్కడ ఎందుకు చెప్పానంటే, సేవ అనే వ్యవహారంలో ఈ లెక్క తరచు ఎదురవుతుంది. చేతికి అందింది రెండు. చిట్టాలో రాసింది పాతిక. చిట్టా చదివేవాడు దూరాన సంతోషంగానే ఉంటాడు. పుచ్చుకున్న మనిషికి చిట్టా చూసే అవకాశం ఉండదు. వినయం లేని సేవను పట్టుకోవాలంటే నివేదిక చదివి లాభం లేదు. రుక్మిణిని అడగాలి.

ఇక చాంపా వెళ్దాం. బిలాస్‌పూర్ నుంచి హౌరా వైపు సుమారు యాభై కిలోమీటర్లు. హస్‌దేవ్ నది పక్కన, కోసా పట్టుకు పేరుపడ్డ చిన్న పట్టణం. 1899–1900 కరువు కాలంలో అమెరికాలోని మెన్నొనైట్ సంఘాలవారు ఇక్కడి ప్రజలకు ధాన్యం పంపారు. ఆ వెనుకనే పి. ఎ. పెన్నర్ అనే మిషనరీ భార్యతో కలిసి వచ్చాడు. 1902లో చాంపాలో కుష్ఠురోగుల కోసం ఒక ఆశ్రయం మొదలుపెట్టాడు. దానికి బెథెస్దా అని పేరు పెట్టారు. బెథెస్దా యెరూషలేములో ఒక కోనేరు. దాని గట్టున ముప్పై ఎనిమిదేళ్ళు జబ్బుతో పడి ఉన్న ఒక మనిషి, నీళ్ళు కదిలినప్పుడు తనను కోనేట్లోకి దింపే మనిషి లేడని యేసుతో చెప్పుకున్నట్టు సువార్తలో ఉంది. మందు ఎదురుగానే ఉంది, చేయి పట్టేవాడు లేడు. కుష్ఠు ఆశ్రయానికి ఇంతకన్నా తగిన పేరు నాకు తోచదు.

నిజానికి ఆనాటికి మందు కూడా లేదు. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని గుర్తించాడు కాని, దాన్ని చంపే మార్గం తెలియదు. మన దేశంలో 1898లో కుష్ఠురోగుల చట్టం వచ్చింది. దిక్కులేని రోగిని పట్టుకొని ఆశ్రయంలో ఉంచడానికి అది అధికారం ఇచ్చింది. ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే రోగి ఊరి బావిలో నీళ్ళు తోడకూడదు, అద్దె బండి ఎక్కకూడదు. ఆ నిషేధం నుంచి రైలుపెట్టెను మాత్రం మినహాయించారు. అంటువ్యాధి ఉన్నవారిని ఎక్కించుకోకుండా ఉండే అధికారం రైల్వే వారికి వేరే చట్టంలో ఉండనే ఉంది, అది వేరే సంగతి. ఊరు వెళ్ళగొట్టిన మనిషికి రైలుపట్టాల పక్కన గుడిసె, స్టేషను మెట్ల మీద చిప్ప మిగిలాయి.

మిషన్ వైద్యం అంతా ఒక తీరున ఉండేది కాదు. బిలాస్‌పూర్‌కు డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్ మిషనరీలు 1885లో వచ్చారు. దగ్గరలోని ముంగేలిలో డాక్టర్ విక్టర్ రాంబో కంటి శుక్లాల ఆపరేషన్లకు ప్రసిద్ధుడయ్యాడు. పల్లెల్లో నేత్రశిబిరాలు పెట్టి వేలమందికి చూపు తెప్పించాడు. గొప్ప పని. ఆ పనికి ప్రతిఫలం కూడా కళ్ళ ఎదుటే ఉంటుంది. కట్టు విప్పగానే ముసలాయన మనవడి ముఖం చూసి ఏడుస్తాడు, చుట్టూ ఉన్నవారు దండం పెడతారు. కుష్ఠు వార్డులో కట్టు విప్పితే నిన్నటి పుండే కనబడుతుంది. రేపూ అదే. ఈ తేడాను మీరు గుర్తుంచుకోవాలి. ఎందుకంటే వినయం అనేది స్వభావానికి సంబంధించిందని మనం అనుకుంటాం. చాలావరకు అది చేసే పనిని బట్టి కూడా వస్తుంది. చప్పట్లు వచ్చే పనిలో వినయంగా ఉండటం కష్టం. చప్పట్లు ఎన్నటికీ రాని పనిని రోజూ చేయడం ఇంకా కష్టం.

ఆ పని ఎందుకంత అవసరమో తెలియాలంటే వ్యాధి సంగతి కొంచెం తెలియాలి. కుష్ఠు వల్ల మాంసం కుళ్ళి వేళ్ళు రాలిపోతాయని వేల ఏళ్ళుగా లోకం నమ్మింది. మీ ఇంట్లో పెద్దలు ఇప్పటికీ అలాగే చెప్పవచ్చు. అది నిజం కాదని చూపించినవారిలో ముఖ్యుడు డాక్టర్ పాల్ బ్రాండ్. 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టి, 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో శస్త్రవైద్యుడిగా చేరాడు. కుష్ఠు సూక్ష్మజీవి ప్రధానంగా నరాలను దెబ్బతీస్తుంది. నరం చచ్చుబడితే స్పర్శ పోతుంది, నొప్పి పోతుంది. నొప్పి తెలియని మనిషి కాలిన గిన్నెను పట్టుకుంటాడు. చెప్పులో మేకు దిగినా నడుస్తూనే ఉంటాడు. పుండు పడుతుంది, అది ఎముక దాకా పోతుంది, ఎముక కరిగిపోతుంది. చేతినీ కాలినీ తినేసింది వ్యాధి అనుకున్నాం గాని, ఆ పని చేసింది చాలావరకు రోజువారీ దెబ్బలే.

బ్రాండ్ చెప్పిన సంగతులు రెండు చెబుతాను. తుప్పు పట్టిన తాళం తనకు తిరగకపోతే ఒక బక్కపలచని కుర్రవాడు వచ్చి సునాయాసంగా తిప్పేశాడట. ఎంత బలమో అని చూస్తే వాడి వేలు ఎముక కనబడేలా తెగి ఉంది. వాడికి తెలియనే లేదు. ఇంకొకటి. చికిత్స బాగా జరుగుతున్న రోగుల వేళ్ళు రాత్రికి రాత్రి మాయమవుతుంటే కాపు కాసి చూశారు. ఎలుకలు కొరికేస్తున్నాయి, నిద్రపోతున్న మనిషికి నొప్పి లేదు. ఆ తరువాత అక్కడి రోగులకు మందుతో పాటు పిల్లిని కూడా ఇచ్చి పంపేవారు. వైద్యశాస్త్ర చరిత్రలో పిల్లికి దక్కిన ఉద్యోగాల్లో ఇది గౌరవమైనదని నేననుకుంటాను.

దీన్ని బట్టి ఏం తేలింది? రోగికి నొప్పి చేసే కాపలా పనిని వేరొకరు చేయాలి. స్పర్శ లేని అరికాలును రోజూ ఎవరో ఒకరు కళ్ళతో చూడాలి, చేత్తో తడిమి ఎక్కడ వేడిగా ఉందో కనిపెట్టాలి. కుష్ఠు వల్ల చెమట గ్రంథులు కూడా పనిచేయక చర్మం ఎండి పగులుతుంది. కాబట్టి పాదాలను రోజూ ఇరవై నిమిషాలు మంచినీళ్ళలో నానబెట్టాలి. నానిన తరువాత గట్టిపడ్డ ఆనెను గరుకురాయితో మెల్లగా రుద్దాలి. తడి పూర్తిగా ఆరకముందే నూనె రాయాలి. పుండు ఉంటే శుభ్రం చేసి గుడ్డ కట్టాలి, నడవనివ్వకూడదు. తరువాత మెత్తని రబ్బరు అట్టతో చేసిన, మేకులు లేని చెప్పులు వేయాలి. ఇంతే. ఇందులో కత్తి లేదు, యంత్రం లేదు. మందు కూడా పెద్దగా లేదు. ఒక తొట్టె, నీళ్ళు, రాయి, నూనె, ఇంకొకరి పాదం పట్టుకొని కూర్చోవడానికి ఇష్టపడే మనిషి కావాలి.

యోహాను పదమూడో అధ్యాయం ఇక్కడ వైద్యవిధానమైంది. గురువారం నాటి ఆచారం కోసం ఎవరూ ఇక్కడ ఎదురుచూడనక్కర్లేదు. అక్కడ డ్రెస్సర్ అని పిలిచే ఒక మనిషి ఉంటాడు. ఆసుపత్రుల చరిత్రలు చదివితే డాక్టర్ల పేర్లు, సూపరింటెండెంట్ల ఫోటోలు, దాతల శిలాఫలకాలు ఉంటాయి. డ్రెస్సర్ పేరు ఉండదు. కుష్ఠు ఆశ్రయాల్లో ఈ పని చేసినవారిలో చాలామంది ఒకప్పటి రోగులే. తమ వేళ్ళు సగం పోయిన చేతులతోనే కట్లు కట్టడం నేర్చుకున్నారు. తాము బాగుపడ్డాక ఇంటికి పోతే ఇల్లు తలుపు తీయలేదు. వెనక్కి వచ్చి, తమ తరువాత వచ్చినవారి కాళ్ళ దగ్గర కూర్చున్నారు. విదేశీ మిషనరీ సముద్రం దాటి వచ్చాడని మనం పొగుడుతాం. పొగడవలసిందే. కాని సేవ చేసి అలసిపోతే ఆయనకు సెలవు ఉంది, వెళ్ళడానికి దేశం ఉంది.

రైల్వే కాలనీలో పెరిగిన పిల్లలకు దీన్ని పోల్చి చెప్పడం తేలిక. కీమన్ ఏం చేస్తాడు? సుత్తి, స్పానరు భుజాన వేసుకొని రోజూ తన బీటు పొడవునా నడుస్తాడు. సడలిన తాళీలు బిగిస్తాడు. పట్టాలో పగులు ఉందేమో వంగి చూస్తాడు. ఆయన పని బాగా జరిగిందనడానికి రుజువు ఏమీ జరగకపోవడమే. బండి వెళ్ళిపోతుంది, లోపలివారు నిద్రపోతుంటారు. స్పర్శ లేని కాలిని రోజూ చూసే మనిషి పనీ అటువంటిదే. ఈ రోజు పుండు పడలేదు. అది వార్త కాదు.

మన తెలుగునేల మీదా ఇటువంటి చోట్లు ఉన్నాయి. బొబ్బిలి నుంచి చిన్న రైలు మార్గం వెళ్ళే సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి ఉంది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో నెలకొల్పిన విక్టోరియా ఆసుపత్రి సంగతి తెలంగాణ విద్యార్థులు వినే ఉంటారు. స్కాట్లండులో వైద్యం చదివి 1907లో హైదరాబాద్ రాజ్యానికి వచ్చిన ఆమె, చాల్‌మూగ్రా జాతి గింజల నూనెను సూదిమందుగా ఇచ్చి వేలమందికి చికిత్స చేసింది. ఆ సూది భరించలేనంత నొప్పి. అయినా జనం దూరాల నుంచి నడిచి వచ్చేవారు. ఆ ఆసుపత్రి నిర్మాణానికి ముందుకు వచ్చిన దాత నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సాగౌడ్ అనే హిందువు. మిషన్ ఆసుపత్రి అనగానే అంతా పడమటి దేశాల ధర్మమే అనుకునేవారికి ఈ సంగతి చెప్పాలి.

ఇప్పుడు కొంచెం కష్టమైన విషయానికి వస్తాను. ఈ సేవలో లోపాలు లేవా? ఉన్నాయి, వాటిని దాచిపెట్టి మీకు ప్రసంగం చెప్పడం మళ్ళీ 'ఫాంకి' అవుతుంది. పాత ఆశ్రయాల్లో చాలాచోట్ల స్త్రీపురుషులను వేరువేరుగా ఉంచేవారు, భార్యాభర్తలైనా సరే. పుట్టిన పిల్లలను తల్లుల నుంచి వేరుచేసి పిల్లల ఆశ్రమాల్లో పెంచేవారు. వ్యాధి సోకకుండా అనేది కారణం. ఆనాటి వైద్యజ్ఞానం అంతే అని సమాధానం చెప్పవచ్చు. కాని ఆ తల్లిని అడిగి ఆ నియమం పెట్టలేదు. పాదం కడిగే చెయ్యే తాళం కూడా వేయగలదని తెలుసుకోవాలి. మేలు చేస్తున్నాననే నమ్మకం గట్టిగా ఉన్నవాడికి ఎదుటి మనిషి అనుమతి అడగాలని తోచదు.

రెండవది మతం మార్పిడి ప్రశ్న. సదాశివరావు గోవిందరావు కాత్రే అనే రైల్వే ఉద్యోగికి కుష్ఠువ్యాధి సోకింది. ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో క్రైస్తవ మిషన్ నడిపే ఒక కుష్ఠు ఆసుపత్రిలో చేరాడు. అక్కడ వైద్యంతో పాటు మతబోధ జరగడం ఆయనకు సహించలేదు. దిక్కులేని మనిషి దైన్యాన్ని అవకాశంగా తీసుకుంటున్నారని ఆయన అభిప్రాయం. బయటికి వచ్చి, 1962లో చాంపాలోనే భారతీయ కుష్ఠ నివారక సంఘాన్ని స్థాపించాడు. ఊరి దగ్గర సోంఠీలో ఆశ్రమం ఏర్పడింది. 1970లలో మహారాష్ట్ర నుంచి వచ్చి చేరిన దామోదర్ గణేశ్ బాపట్ తన మిగతా జీవితమంతా అక్కడి రోగుల మధ్యనే గడిపాడు. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. 2019లో మరణించాక ఆయన కోరిక ప్రకారం దేహాన్ని బిలాస్‌పూర్ వైద్య కళాశాలకు అప్పగించారు.

ఒకే చిన్న పట్టణం దగ్గర రెండు ఆశ్రమాలు. ఒకటి క్రీస్తు పేరున, ఒకటి దానికి జవాబుగా. వాదం ఎవరిదో ఒకరిదే సరైనదని తేల్చాలని మీకు అనిపించవచ్చు. నాకు మాత్రం కాత్రే అడిగిన ప్రశ్న క్రైస్తవ పరిచర్య తనను తాను వేసుకోవలసిన ప్రశ్నే అనిపిస్తుంది. ఆ రాత్రి కాళ్ళు కడిగించుకున్నవారిలో, కాసేపట్లో పట్టించబోయే యూదా కూడా ఉన్నాడు. ఆ సంగతి కడిగేవాడికి తెలుసని సువార్తే చెబుతుంది. అయినా అతన్ని దాటి పక్కవాడి దగ్గరకు వెళ్ళలేదు, కడగడానికి ముందు ఏ మాటా పుచ్చుకోలేదు. తొట్టెలో నీళ్ళ వెనుక షరతు ఉంటే అది బేరం. ఈ కొలతతో కొలిస్తే కొన్ని మిషన్ పనులు నిలుస్తాయి, కొన్ని నిలవవు. ఏ మతం పేరున జరిగే సేవనైనా ఇదే కొలతతో చూడండి. సేవాగ్రాంలో గాంధీజీ కుష్ఠురోగి అయిన పర్చురే శాస్త్రికి స్వయంగా ఒళ్ళు మర్దన చేసేవారు. శాస్త్రి గొప్ప సంస్కృత పండితుడు. ఇద్దరూ మాట్లాడుకునేవారు. ఆ మాట్లాడుకోవడం మర్దన కన్నా తక్కువ చికిత్స అని నేననుకోను.

కాలం మారింది. 1940లలో డాప్సోన్ వచ్చింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫార్సు చేసింది. మన దేశంలో 1983 నుంచి అది అందుతోంది. వ్యాధి రకాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో మందు వాడితే పూర్తిగా నయమవుతుంది. మందు మొదలుపెట్టిన కొద్దికాలానికే ఇతరులకు అంటించే గుణం పోతుంది. 2005 డిసెంబరు నాటికి దేశం మొత్తం మీద వ్యాధి పదివేలమందికి ఒకరికన్నా తక్కువకు దిగింది. ఛత్తీస్‌గఢ్ ఆ తరువాత కూడా చాలా ఏళ్ళు ఆ గీతకు పైనే ఉంది. 1898 నాటి చట్టాన్ని 2016లో గాని రద్దు చేయలేదు. భార్యకో భర్తకో కుష్ఠు ఉందనే కారణం చూపి విడాకులు కోరే వీలును 2019లో తొలగించారు. రైల్వే వారు అంటే దశ దాటిన కుష్ఠురోగికి వైద్యపరీక్ష కోసం చేసే ప్రయాణంలో టికెట్టు మీద రాయితీ ఇస్తారు. ఒకప్పుడు అద్దె బండి ఎక్కనివ్వని దేశంలో ఇది చిన్న మార్పేమీ కాదు.

అయితే మాత్ర సూక్ష్మజీవిని చంపుతుంది, చచ్చిన నరాన్ని లేపలేదు. వ్యాధి పూర్తిగా నయమై ముప్పై ఏళ్ళయిన మనిషి అరికాలుకు కూడా ఈ రోజుకీ స్పర్శ లేదు. కాబట్టి తొట్టెకు పని తీరలేదు. మారిందల్లా పట్టుకునే చెయ్యి. ఇప్పుడు కుష్ఠు ఆసుపత్రుల్లో ప్రధానంగా నేర్పేది రోగి తన కాళ్ళు తానే చూసుకోవడం. పదిమంది రోగులు ఒకచోట కూర్చుంటారు, తలా ఒక బకెట్టు, ఒకరి అరికాలు ఒకరు చూసుకుంటారు. వంగలేనివారు అద్దం పెట్టుకుంటారు. సేవకుడికి ఇక్కడ పని తగ్గిపోతుంది. తనతో అవసరం లేకుండా చేసుకోవడానికి చాలామంది సేవకులు ఇష్టపడరు. కాళ్ళు కడగడం కన్నా తొట్టెను వారి చేతికిచ్చి పక్కకు తప్పుకోవడమే వారికి కష్టంగా ఉంటుంది.

మీలో ఎవరికైనా, ఇంట్లో ఎవరికైనా ఒంటి మీద పాలిన మచ్చ ఉండి, అక్కడ గిల్లినా తెలియకపోతే దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. మందు ఉచితం. మచ్చ చిన్నదిగా ఉన్నప్పుడే వెళ్తే చెయ్యీ కాలూ చెక్కుచెదరవు.

ఎన్.ఎస్.ఎస్. తరఫునో, చర్చి యువజనుల తరఫునో మీరు ఇటువంటి ఆసుపత్రికి వెళ్ళే రోజు రావచ్చు. చలికాలమైతే, పాపం వృద్ధులని జాలిపడి మీరు తప్పకుండా ఒక పని చేయబోతారు, కాళ్ళు నానబెట్టే నీళ్ళు వెచ్చబెడతామంటారు. పాత రోగి వద్దంటాడు. మొహమాటపడుతున్నాడనుకొని మీరు పట్టుబడతారు. ఆయన అప్పుడు కారణం చెబుతాడు. ఆ నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో ఆయన కాలికి తెలియదు. బొబ్బ లేచినా తెలియదు. అందుకని ఆ ఇంట్లో నీళ్ళు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి, తొట్టెలో కాలు పెట్టే ముందు మోచెయ్యి ముంచి చూసుకుంటారు. మీకు ఆ సంగతి తెలియదు, ఆయనకు తెలుసు. ఆ రోజుకు గురువు ఆయనే. ఆయన చెప్పినట్టు చేయండి.